డన్, హెర్బర్ట్ పద్యాలు మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుపోయాను, ఎవరైనా చెయ్యందిస్తారా?

నత్తనడక
అందరికీ నమస్కారం. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు, బీకామ్, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. పోయిన నెల హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 60 రూపాయలకి ఒక పుస్తకం దొరికింది. 17వ శతాబ్దపు ఇంగ్లీష్ మెటాఫిజికల్ కవుల సంకలనం. ఇంతకుముందు దాని ఓనరు ఎవరో ఎం.ఏ. స్టూడెంట్ అయ్యుండాలి, ప్రతి పేజీలో పెన్సిల్‌తో "ఇంపార్టెంట్" అని రాసిపెట్టుకున్నారు, ఎందుకు ఇంపార్టెంటో మాత్రం ఒక్కచోట కూడా రాయలేదు.

జాన్ డన్ ప్రేమ పద్యాలు కాస్త కుస్తీ పడితే లొంగుతున్నాయి. దేవుడి పద్యాల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. విడివిడిగా ప్రతి మాటకీ అర్థం తెలుస్తుంది, మొత్తం కలిపితే ఈయన దేవుణ్ణి పొగుడుతున్నాడా, దేవుడితో తగాదా పెట్టుకుంటున్నాడా అన్నది తేలదు. బైబిలు చదవకుండా ఇవి అర్థం కావా? ఎక్కడ మొదలుపెట్టాలి? రాత్రి పిల్లలు పడుకున్నాక అరగంట టైమ్ ఉంటుంది, అంతే.

పాతచొక్కా
నత్తనడక గారూ, తగాదానే. మీకు సరిగ్గానే అర్థమైంది, మీరే నమ్మట్లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళు ఈ పద్యాలు డిగ్రీ పిల్లలకి చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త పెద్దరికంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ముందు ఆ "మెటాఫిజికల్" అన్న పేరు చూసి బెదిరిపోకండి. అది ఆ కవులు పెట్టుకున్న పేరు కాదు. డన్ పోయిన అరవై ఏళ్ళకి, 1693లో, డ్రైడెన్ అనే కవి ఎత్తిపొడుపుగా వాడాడు, ఆడవాళ్ళకి ప్రేమ కబుర్లు చెప్పాల్సిన చోట తత్వశాస్త్రం చెప్తాడని. తర్వాత విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ ఇంకో నాలుగు అంటించాడు, ఏమాత్రం పొంతన లేని విషయాల్ని బలవంతంగా ఒకే కాడికి కడతారని. అలా తిట్టుగా అతుక్కున్న పేరు 1921లో కవి టి.ఎస్. ఎలియట్ వ్యాసం తర్వాత గౌరవంగా మారిపోయింది. మా రోజుల్లో పరీక్షకి ఈ పేరా రాస్తే పది మార్కులకి ఆరు పడేవి. పద్యం అర్థం కావడానికి మాత్రం ఇది ఎందుకూ పనికిరాదు.

నా సలహా: డన్‌ని పక్కన పెట్టి జార్జ్ హెర్బర్ట్ దగ్గర మొదలుపెట్టండి. చిన్న మాటలు, చిన్న పద్యాలు, ఇంట్లో వస్తువులు. "ది కాలర్" అన్న పద్యం తీయండి. పైకి చదవండి, గొంతెత్తి. మనసులో చదివితే ఈ కవులు సగమే పలుకుతారు.

జామెట్రీబాక్సు
నేను లెక్కల మాస్టారిని, ఖమ్మం జిల్లా. నాకు సాహిత్యంలో నోరెత్తే అర్హత లేదు గానీ ఒక్క పద్యం విషయంలో ఉంది. డన్ భార్యకి వీడ్కోలు చెప్పే పద్యంలో వాళ్ళిద్దర్నీ కంపాస్ కాళ్ళతో పోలుస్తాడు కదా. ఇది భక్తి పద్యం కాదు, తెలుసు, కానీ నాకు దారి ఇక్కడే దొరికింది.

పుస్తకం పక్కన నిజం కంపాస్ పెట్టుకుని చదవండి. ముల్లు కాలు మధ్యలో దిగి ఉంటుంది, అది భార్య. పెన్సిల్ కాలు దూరం జరిగేకొద్దీ ముల్లు కాలు కూడా వంగుతుంది, "అటు ఒరిగి చెవి ఒగ్గి వింటుంది" అంటాడు. చేతిలో పట్టుకుని చూస్తే తప్ప ఆ మాట పట్టుబడదు. పెన్సిల్ కాలు దగ్గరికి వస్తే ముల్లు కాలు నిటారుగా లేస్తుంది. ఇంతవరకు బాగుంది. తర్వాత ఉన్నట్టుండి "నీ స్థిరత్వం వల్లే నా వృత్తం సరిగ్గా పడుతుంది, మొదలైన చోటికే చేరతాను" అంటాడు. ఇక్కడే నాకు పేచీ వచ్చింది. కంపాస్ మూయడం వేరు, వృత్తం గీయడం వేరు. మూస్తే పెన్సిల్ ముల్లు దగ్గరికి వస్తుంది. గీస్తే పెన్సిల్ మొదలైన బిందువుకే వస్తుంది గానీ అది పరిధి మీద ఉంటుంది, కేంద్రంలో కాదు. అంటే ఆ లెక్కన మొగుడు ఇంటికి రానట్టే! తొమ్మిదో తరగతిలో ఇది చెప్తే ఒక అమ్మాయి "సార్, రెండూ కావాలేమో ఆయనకి" అంది. వారం రోజులు అదే మాట నెత్తిలో తిరిగింది.

మోడరేటర్
నత్తనడక గారి ప్రశ్న భక్తి కవిత్వం గురించి. కంపాస్ బాగుంది, కానీ దారి తప్పొద్దని మనవి.

తమలపాకు
మోడరేటర్ గారూ, ఇప్పుడే తెస్తా దారిలోకి.

నేను గుంటూరు దగ్గర ఒక పల్లెలో పాస్టరు గారమ్మాయిని. ఇప్పుడు బెంగళూరులో నర్సుని. కాలేజీలో ఈ కవులు మా సిలబస్‌లో లేరు, నా అంతట నేను చదువుకున్నాను, అందుకే తప్పులుంటే పాతచొక్కా సార్ దిద్దాలి. "ది కాలర్" మొదటి లైను: "ఐ స్ట్రక్ ద బోర్డ్, అండ్ క్రైడ్, నో మోర్." నోట్సుల్లో బోర్డ్ అంటే టేబుల్ అని ఇస్తారు, అక్కడితో వదిలేస్తారు. దీన్ని తెలుగులోకి మార్చుకోగానే నా ఒళ్ళు ఝల్లుమంది. "బల్ల గుద్ది, ఇక చాలు అన్నాను."

మా గుడిలో (అవునండీ, మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటాం) నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారాన్ని "బల్ల ఆదివారం" అంటారు. బల్లలో చెయ్యి వేయడం, బల్లకి దూరంగా ఉంచడం, ఇవన్నీ మాకు రోజువారీ మాటలు. బాప్టిస్మం తీసుకోనివాళ్ళు బల్లలో చెయ్యి వేయరు. హెర్బర్ట్ ఫాదర్. ఆయన గుద్దింది అన్నం తినే బల్ల కావచ్చు, ఆ ప్రభువు బల్ల కూడా కావచ్చు. ఇంగ్లీషులో "బోర్డ్" అనే ఒక్క మాటలో ఆ రెండూ ఉన్నాయి, తెలుగులో బల్లలో కూడా రెండూ ఉన్నాయి. పైగా మనకి "బల్ల గుద్ది చెప్పడం" అనే పలుకుబడి ఒకటి బోనస్.

ఆ తర్వాత ఆయన అరిచే అరుపులు చూడండి. నాకు పంట ముల్లేనా, రక్తం కార్చడానికేనా అంటాడు. నా నిట్టూర్పులకి ఎండిపోకముందు ద్రాక్షారసం ఉండేది, నా కన్నీళ్ళకి మునిగిపోకముందు ధాన్యం ఉండేది అంటాడు. ముల్లు, రక్తం, ద్రాక్షారసం, ధాన్యం. ఇల్లు వదిలి పారిపోతానని కేకలు వేస్తున్నవాడి నోట్లోంచి కూడా ఆ బల్ల మీద సామాన్లే వస్తున్నాయి! ఆయనకి తెలియట్లేదు, మనకి తెలుస్తోంది. పాదాలు కూడా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ప్రాస ఎక్కడ పడుతుందో తెలీదు, కోపంతో గదిలో అటూ ఇటూ తిరిగే మనిషి అడుగుల్లా ఉంటాయి. చివరి నాలుగు పాదాల్లో సర్దుకుంటాయి. ఎవరో "బిడ్డా!" అని పిలిచినట్టు అనిపించింది, "నా ప్రభువా" అన్నాను. అయిపోయింది.

అన్నట్టు కాలర్ అంటే ఇప్పటి పాస్టర్ల మెడలో తెల్ల కాలర్ కాదు, అది అప్పటికింకా పుట్టలేదు. కుక్కకో, ఖైదీకో వేసే మెడపట్టీ. చెవికి కోపం అనే అర్థమిచ్చే "కాలర్" (choler) కూడా అదే ధ్వనిలో వినిపిస్తుంది, పిలిచేవాడు (caller) కూడా.

నత్తనడక
తమలపాకు గారూ, రాత్రి పదకొండున్నరకి డాబా మీదికి వెళ్ళి పైకి చదివాను. పక్కింటాయన లైటు వేసి చూశాడు. మొదటిసారి అర్థమైంది.

వేపచెట్టు
రామదాసు గోల్కొండ చెరసాలలో కూచుని రాముణ్ణి నిలదీసినట్టే ఉంది. చేయించిన నగలన్నీ లెక్కపెట్టి ఎవరి సొమ్మని అడిగి, వెంటనే దెబ్బలకి ఓర్వలేక తిట్టాను క్షమించమని ప్రాధేయపడతాడు. భక్తి అంతటా ఒక్కటే. ఆ మాటకొస్తే వీళ్ళందరూ చెప్పింది మన అద్వైతమే, పేర్లు మారాయంతే. ఈ గుంపులోని ఇంకో కవి హెన్రీ వాన్ చెప్పిన "కళ్ళు మిరుమిట్లు గొలిపే చీకటి" మన నిర్గుణ బ్రహ్మం కాక ఏమిటి?

పాతచొక్కా
వేపచెట్టు గారూ, రామదాసు పోలిక వరకు నా ఓటు మీకే. అక్కడి నుంచి అద్వైతానికి దూకేశారు, అది ఒప్పుకోను.

హెర్బర్ట్ చివర్లో "బిడ్డా" అనే పిలుపు వింటాడు, "ప్రభువా" అని జవాబిస్తాడు. పిలిచేవాడొకడు, పలికేవాడొకడు. ఆ ఇద్దరూ ఒకటైపోతే పద్యమే లేదు. డన్ అయితే మరీనూ, ఆయనకి దేవుడితో ఒకటైపోవడం గురించి బెంగ లేదు, దేవుడు తనని వదిలేస్తాడేమోనని భయం. అసలు సిసలు మిస్టిక్, అంటే దేవుణ్ణి నేరుగా అనుభవించానని చెప్పేవాడు, అనదగ్గవాడు ఈ గుంపులో ఉన్నాడంటే వాన్, ట్రహెర్న్. వాన్ ఆ చీకటి మాట అన్నది కూడా "కొందరంటారు" అని బ్రాకెట్లో పెట్టి మరీ అన్నాడు, ఎందుకంటే అది క్రైస్తవంలోనే పాత మాట, డయొనీసియస్ అనే తొలినాటి క్రైస్తవుడి పేరు మీద చలామణి అయిన గ్రంథాల నుంచి వెయ్యేళ్ళుగా నడిచి వస్తోంది. పైగా ఆ పద్యం నికోదేము గురించి, పగలు ఎవరైనా చూస్తారని రాత్రిపూట యేసు దగ్గరికి వచ్చిన పెద్దమనిషి. యోహాను సువార్త 3వ అధ్యాయం. అక్కడ చీకటి అంటే ముందు మామూలు రాత్రే. దాన్ని వదిలేసి నేరుగా బ్రహ్మానికి వెళ్తే ఆ ముసలాయన నడిచొచ్చిన వీధి మనకి కనిపించదు.

నత్తనడక గారి మొదటి ప్రశ్నకి ఇదే జవాబు. బైబిలంతా అక్కర్లేదు. నాలుగు సువార్తల్లో ఒకటి, కీర్తనల్లో ఓ ఇరవై చాలు.

వేపచెట్టు
సరే సార్, వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

మబ్బుపట్టింది
ఎం.ఏ. ఫైనలియర్. అందరూ హెర్బర్ట్ దగ్గర హాయిగా ఉన్నారు గానీ నాకు పరీక్షలో వచ్చేది డన్ "బ్యాటర్ మై హార్ట్". నాకు ఆ పద్యం ఇష్టం లేదు. ఇది చెప్తే క్లాసులో వింతగా చూశారు. దేవుణ్ణి "నా గుండెని బద్దలుకొట్టు, నన్ను బంధించు" అని అడుగుతాడు, చివరికి నువ్వు నన్ను బలాత్కరిస్తే తప్ప నేను పవిత్రం కాను అంటాడు. మాకు చెప్పినాయన ఆ చివరి రెండు పాదాలూ ఎగరగొట్టేసి "ప్యారడాక్స్ (విరోధాభాసం), రాసుకోండి" అన్నారు. ఆడపిల్లలం ముప్పై మందిమి తలొంచుకుని రాసుకున్నాం. ప్యారడాక్స్ అన్న ఒక్క మాటతో ఇది సరిపోతుందా?

పాతచొక్కా
సరిపోదమ్మా. నేనూ చాలా ఏళ్ళు అలాగే ఎగరగొట్టాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నచ్చి తీరాలని లేదు. అయితే ఆ హింస ఎక్కడినుంచి వచ్చిందో చూడు. డన్ పుట్టింది క్యాథలిక్ కుటుంబంలో, 1572లో, ఇంగ్లండులో క్యాథలిక్కుగా బతకడమే ప్రమాదమైన రోజుల్లో. తమ్ముడు హెన్రీ ఒక ఫాదర్‌కి ఆశ్రయం ఇచ్చాడని పట్టుకెళ్ళి జైల్లో వేస్తే, 1593లో అక్కడే జ్వరంతో పోయాడు. తర్వాత డన్ మతం మారాడు, చివరికి ఆ ఇంగ్లండ్ చర్చిలోనే 1615లో ఫాదర్ అయ్యాడు, 1621లో లండన్ పెద్ద చర్చి సెయింట్ పాల్స్‌కి డీన్, అంటే అక్కడి పెద్ద ఫాదర్. ఆ పద్యంలోని ముట్టడించిన పట్నం, శత్రువుతో కుదిరిన నిశ్చితార్థం, చేతులు కట్టేసిన ఖైదీ, ఇవి ఆయనకి అలంకారాలు మాత్రమే కావు. ఎవరి పక్షాన ఉండాలో తేల్చుకోలేక, నా అంతట నేను తేల్చుకోలేను, నువ్వే వచ్చి లాక్కుపో అంటున్నాడు. అలా అడగడం నీకు జుగుప్స కలిగిస్తే ఆ జుగుప్స గురించే పరీక్షలో రాయి. దిద్దేవాడు బుద్ధున్నవాడైతే మార్కులేస్తాడు.

మబ్బుపట్టింది
దిద్దేవాడి బుద్ధి మీద ఆధారపడటమే నా టెన్షన్ సార్.

తమలపాకు
మా అమ్మ ప్రార్థనలో "నన్ను విరగగొట్టు ప్రభువా" అంటుంది, వాళ్ళ తరంలో అందరూ అనేవారు. చిన్నప్పుడు నాకు భయం వేసేది, అమ్మ నిజంగా విరిగిపోతుందేమోనని. మబ్బుపట్టింది చెప్పింది నాకు అర్థమవుతుంది. ఆ పద్యాన్ని నేను ఇష్టపడను, కానీ అలాంటి ప్రార్థన చేసేవాళ్ళని చూశాను కాబట్టి కొట్టిపారేయలేను.

రెండోమెట్టు
లండన్ నుంచి. ఇంతకాలం చూస్తూ ఊరుకున్నాను, డన్ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా. ఆఫీసు సెయింట్ పాల్స్‌కి పది నిమిషాల నడక. లోపల డన్ విగ్రహం ఉంది, తెల్ల చలవరాయి, శవానికి చుట్టే గుడ్డలో ఉన్న మనిషి, నెత్తి మీద ఆ గుడ్డ ముడి, ముఖం మాత్రం బయటికి, కళ్ళు మూసుకుని. చనిపోవడానికి కొద్దిరోజుల ముందు తనే ఆ గుడ్డ చుట్టుకుని నిలబడి బొమ్మ గీయించుకున్నాడని, ఆ బొమ్మని మంచం పక్కనే పెట్టుకున్నాడని ఆయన జీవిత చరిత్ర రాసిన వాల్టన్ చెప్తాడు. 1631 మార్చి 31న పోయాడు. ఆ బొమ్మని బట్టి విగ్రహం చెక్కారు. 1666 అగ్నిప్రమాదంలో పాత చర్చి మొత్తం కాలిపోతే ఇది మిగిలింది, కింద ఉన్న కలశం మీద మసి మరక ఇప్పటికీ కనిపిస్తుంది. మనవాళ్ళెవరైనా వస్తే డోమ్ ఎక్కించి తీసుకొచ్చేస్తాను, దీని దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. మా మామయ్య మాత్రం ఆగాడు. కాసేపు చూసి "ఏంట్రా, ముందే రిహార్సల్ చేసుకున్నాడా" అన్నాడు.

ఇంకోటి. 1945లో న్యూమెక్సికోలో మొదటి అణుబాంబు పరీక్షకి "ట్రినిటీ" (త్రిత్వం) అని పేరు పెట్టింది ఆ బాంబు తయారీకి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్. ఎందుకా పేరని చాలా ఏళ్ళ తర్వాత ఆ పనికి సైన్యం తరఫున పెద్దగా ఉన్న జనరల్ గ్రోవ్స్ అడిగితే, సరిగ్గా తెలీదు గానీ డన్ పద్యాలు మనసులో ఉన్నాయని ఉత్తరం రాశాడు. ఒకటి, జబ్బు పడి మంచం మీద ఉన్న డన్ తనని తాను పటంతో పోల్చుకున్న పద్యం. పరిచిన పటంలో పడమర చివర, తూర్పు చివర నిజానికి ఒకటే, అలాగే చావు పునరుత్థానాన్ని తాకుతుందని. రెండోది, మబ్బుపట్టింది గారికి నచ్చనిదే. గీత శ్లోకం సంగతి అందరికీ తెలుసు, ఈ సంగతి మనవాళ్ళలో తక్కువమంది చెప్పుకుంటారు.

మబ్బుపట్టింది
బాంబుకి పేరు పెట్టడానికి అదే పద్యం గుర్తొచ్చిందంటే నా అనుమానం మరీ తప్పు కాదన్నమాట.

జామెట్రీబాక్సు
పటం సంగతి రేపు గ్లోబు తీసుకెళ్ళి చెప్తా క్లాసులో.

నత్తనడక గారూ, మీ పుస్తకంలో "ది పుల్లీ" ఉందా? హెర్బర్ట్‌దే. అదే గిరక, బావి గిరక.

నత్తనడక
ఉంది మాస్టారూ, మా వైపు గిలక అంటాం. మూడుసార్లు చదివాను. దేవుడు మనిషిని చేసేటప్పుడు దగ్గర ఒక గ్లాసు నిండా వరాలున్నాయి. బలం, అందం, తెలివి, గౌరవం, సుఖం అన్నీ ఒంపేశాడు. అడుగున ఒక్కటి మిగిలింది, విశ్రాంతి. అది కూడా ఇచ్చేస్తే వీడు నన్ను వదిలేసి నేనిచ్చిన వస్తువుల్నే పూజిస్తాడని ఆపేశాడు. కథ అర్థమైంది. పద్యంలో గిలక ఎక్కడుంది? మొత్తం వెతికాను, పేరులో తప్ప లేదు.

జామెట్రీబాక్సు
అదే కదండీ తమాషా. పేరులో పెట్టి లోపల దాచేశాడు. గిరకకి ఒకవైపు తాడు కిందికి లాగితే రెండోవైపు చేద పైకి వస్తుంది. కింద పడేదే పైకి తెస్తుంది. చివర్లో ఏమంటాడు? మంచితనం వీణ్ణి నా దగ్గరికి తేకపోతే అలసట అయినా వీణ్ణి నా రొమ్ము మీదికి విసిరేస్తుంది. అలసట బరువు. ఆ బరువే లాగుతుంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్ళనడగండి ఎలా ఉంటుందో.

తమలపాకు
పన్నెండు గంటల షిఫ్టు దిగి ఇప్పుడే చదువుతున్నా మాస్టారూ. ఒప్పుకుంటున్నా.

దీన్ని తెలుగు చేద్దామని కూచుంటే "రెస్ట్" దగ్గర చచ్చినంత పనైంది. ఇంగ్లీషులో అది విశ్రాంతీ అవుతుంది, "మిగతాది" కూడా అవుతుంది. విశ్రాంతి అడుగున ఉంచి, మిగతావన్నీ వాడి దగ్గరే ఉండనీ అని ఒకే మాటతో ఆడుకున్నాడు. తెలుగులో "శేషం" అందామంటే పాము గుర్తొస్తుంది. "నిమ్మళం" అందామంటే రెండో అర్థం రాదు. చేతులెత్తేశాను.

పాతచొక్కా
ఎత్తేయడమే మంచిదమ్మా. డన్ తన పేరు మీదే ఆడిన ఆట ఇంతకంటే మొండిది. పాపాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ "నువ్వు ఇది క్షమించడం అయిపోయిందనుకున్నా అయిపోలేదు, నా దగ్గర ఇంకా ఉన్నాయి" అంటాడు. అయిపోయింది అనే మాట "డన్", ఆయన పేరూ డన్. "ఇంకా" అనే మాట "మోర్", ఆయన భార్య పుట్టింటి పేరు మోర్. ఆ ఆన్ మోర్‌ని 1601లో పెద్దల కళ్ళుగప్పి పెళ్ళి చేసుకునే జైలుకి వెళ్ళాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పన్నెండో కాన్పులో, 1617లో ఆమె పోయింది. ఇప్పుడు ఆ రెండు మాటలూ ఒకే పాదంలో పెట్టి మళ్ళీ చదవండి. మన పదకర్తలు చివర ముద్ర వేస్తారే, అలా చివర వేసి ఊరుకోలేదు, ప్రతి చరణంలోనూ తనే ఉన్నాడు.

వేపచెట్టు
నిన్న హెర్బర్ట్ "ఈస్టర్ వింగ్స్" చూశాను. రెక్కల ఆకారంలో పాదాలు కుదించి పెంచాడు. మనకి ఖడ్గబంధం, నాగబంధం లేవా! అయితే నిజాయితీగా చెప్తున్నా, మన బంధ కవిత్వంలో ఎక్కువ భాగం చూసి ఔరా అనుకుని పక్కన పెట్టేస్తాం. ఇందులో మనిషి చిక్కి సన్నబడ్డాను అన్నచోట పాదం కూడా రెండే మాటలకి చిక్కిపోయింది. అది నచ్చింది. అద్వైతం ఊసెత్తలేదు, గమనించగలరు.

రెండోమెట్టు
హెర్బర్ట్ ఊరికి కూడా వెళ్ళాను పోయినేడు, బెమర్టన్, సాల్స్‌బరీ పక్కన. చర్చి ఎంత చిన్నదంటే మన ఊళ్ళో గ్రామదేవత గుడి నయం. రోడ్డుకి అవతల ఆయన ఉన్న ఇల్లు. కేంబ్రిడ్జిలో యూనివర్సిటీ తరఫున ఉపన్యాసాలిచ్చే పదవి చేసినవాడు, రాజుగారి కొలువులోకి వెళ్తాడనుకున్నవాడు, 1630లో వచ్చి ఇక్కడ కూచున్నాడు. మూడేళ్ళు కూడా నిండలేదు, 39 ఏళ్ళకే క్షయతో పోయాడు. పోయేముందు పద్యాల కట్ట స్నేహితుడు ఫెరార్‌కి పంపి, కుంగిపోయిన ఏ ఒక్క ప్రాణికైనా పనికొస్తాయనుకుంటే అచ్చు వేయించు, లేదంటే తగలబెట్టెయ్ అన్నాడట. అదే ఏడు అచ్చయింది. పుస్తకం పేరు "ది టెంపుల్".

నత్తనడక
తమలపాకు గారి లెక్కన "గుడి" అన్నమాట.

ఆఖరి పద్యం దగ్గరికి వచ్చాను, "లవ్". అదే పేరుతో మూడుంటాయి కదా, మూడోది. ప్రేమ నన్ను లోపలికి రమ్మంటే నా ప్రాణం వెనక్కి జంకింది, ఒళ్ళంతా దుమ్ము, పాపం. గుమ్మంలోనే తటపటాయిస్తుంటే ప్రేమ దగ్గరికొచ్చి ఏం కావాలని మెల్లిగా అడిగింది. ఇక్కడికి తగిన అతిథి కావాలన్నాను. మీరే ఆ అతిథి అంది. అలా వాళ్ళిద్దరూ మర్యాదలతో వాదులాడుకుంటారు. ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వెయిల్ దీన్ని కంఠస్థం చేసి, తలనొప్పి భరించలేనప్పుడల్లా చెప్పుకునేదట, అలా చెప్పుకుంటుండగా ఒకసారి క్రీస్తే దిగి వచ్చాడని రాసింది. నాకంత జరగలేదు. తెలుగు మాత్రం చేశాను, చివరి ముక్క:

"అయితే ప్రియతమా, నేను వడ్డిస్తాను."
"మీరు కూర్చోవాలి" అంది ప్రేమ, "నా మాంసం రుచి చూడాలి."
కూర్చున్నాను, తిన్నాను.

వేపచెట్టు
మాంసం దగ్గర నేను ఆగిపోయాను, క్షమించాలి. మా ఇంట్లో పద్యాలకి కూడా నియమాలున్నాయి.

తమలపాకు
వేపచెట్టు గారూ నవ్వించారు. భయం లేదు. ఆ రోజుల్లో "మీట్" అంటే ఏ తిండైనా సరే. యోహాను 6:55లో ఇంగ్లీషు పాత బైబిలు "నా శరీరం నిజమైన మీట్" అంటుంది, అదే చోట మన తెలుగు బైబిలు "నా శరీరము నిజమైన ఆహారమును" అంటుంది. కాబట్టి "ఆహారం" అని పెట్టేయండి, భోజనమూ వస్తుంది, బల్లా వస్తుంది.

ఇంకో సంగతి, నత్తనడక గారు తెలిసి చేశారో తెలియక చేశారో, "మీరు కూర్చోవాలి" అన్నారు. మూలంలో సరిగ్గా అదే ఉంది! అతిథి దేవుణ్ణి "దీ" అంటాడు, అంటే నువ్వు, మనం దేవుణ్ణి పిలిచినట్టే. దేవుడు మాత్రం అతిథిని "యూ" అంటాడు, అప్పట్లో అది మీరు. ఇప్పటి ఇంగ్లీషువాళ్ళకి అంతా యూ అయిపోయింది కాబట్టి ఆ తేడా చెవికి తగలదు. మనకి తగులుతుంది. "ఏం కావాలి" అనడం కూడా అప్పటి దుకాణాలవాళ్ళు గుమ్మంలో నిలబడి పిలిచే పిలుపట. చూడండి, దేవుడు మనిషిని మీరు అంటున్నాడు, దారిన పోయేవాణ్ణి పిలిచి కూర్చోబెట్టే హోటలాయనలాగా.

నత్తనడక
తెలియకే చేశాను. ఆఫీసులో కస్టమర్లందర్నీ మీరు అనే అలవాటు.

పాతచొక్కా
ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పాను ఈ పద్యం. ఆ యూ, దీ తేడా నాకు తట్టలేదు. ధన్యవాదాలమ్మా.

ఒక్క సవరణ. ఆఖరి పాదం "సో ఐ డిడ్ సిట్ అండ్ ఈట్", ఆరు మాటలు, అన్నీ ఏకాక్షరాలే. అంతసేపు వాదించినవాడు నోరు మూసుకున్న చప్పుడు అది. "కూర్చున్నాను, తిన్నాను" బాగుంది, ఆ కామా తీసేసి "కూర్చుని తిన్నాను" అంటే?

మబ్బుపట్టింది
కామా ఉండనివ్వండి సార్. కూర్చోడానికే అంతసేపు పట్టింది అతనికి.

తమలపాకు
రాత్రి అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను, ఆహారం అని మార్చి. అమ్మ నాలుగో తరగతి. "వచ్చినవాళ్ళు నేను వడ్డిస్తానంటే మనం ఊరుకుంటామా, చెయ్యి పట్టుకుని కూచోబెడతాం గానీ" అంది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇంకోసారి చదువు" అంది.

జామెట్రీబాక్సు
వచ్చే వారం వాన్ పెట్టుకుందామా? "మొన్న రాత్రి అనంతకాలాన్ని చూశాను" అని మొదలవుతుందే, ఏదో బస్టాండులో మీ మావయ్య కనిపించాడన్నంత తేలిగ్గా. ఉంగరంలాంటి వెలుగు అంటాడు. వృత్తం కాబట్టి నేను రెడీ.

నత్తనడక
పేజీ తీసి పెట్టాను మాస్టారూ. పైన పెన్సిల్‌తో "ఇంపార్టెంట్" అని లేదు, మొదటిసారి.